ఆఁ అన్నందుకు

నేనెప్పుడు ఒప్పుకున్నా పెద్దన్నా? కాలు నాది, నొప్పి నాది. కొయ్యమని నేనెప్పుడు చెప్పినా?

ఊరికే నా నోటికేసి చూపించబాక! ఔ, 'ఆఁ' అన్నా. ఎవురు కాదన్నారు? తెల్లారి డాక్టరు దొర వచ్చినాడా, నా కాలి కట్టు ఇప్పి చూసినాడా, ఏందో గొణిగినాడు. పక్కన మా కూలీల మేస్త్రీ, సర్దారు రామ్ చంద్ర ఆ మాటని హిందుస్తానీలోకి తిప్పి నన్నడిగినాడు. నాకు ఒక్క ముక్క అర్థమయితే ఒట్టు. 'ఆఁ?' అన్నా. మళ్ళీ అడిగినాడు. మళ్ళీ 'ఆఁ?' అన్నా, ఇంకా గట్టిగా.

ఏందీ అని అడిగేదానికి మనం అట్టనే గదా అంటాం! మన నెల్లూరు పక్క పసిబిడ్డకి గూడా తెలుసు. ఆ రామ్ చంద్రకేమో అది వాళ్ళ 'హాఁ' లాగా ఇనపడింది. ఒప్పుకున్నాడు దొరా అని చెప్పేసినాడు. నువ్వు మోకాలి కింద అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించినదాకా నాకు తెలవనే తెలవదు. అయ్యో రామా! అంతసేపూ గంజి తాగినావా అని అడగతా ఉండాడేమో అనుకున్నా.

నవ్వబాకన్నా, నీ దవడ మళ్ళా జారుతుంది. నిన్ను తన్నిన ఆ గుర్రం ఇంకొన్నాళ్ళు ఆగి తన్నుండకూడదా? ఈ ఫీజీ దీవిలో, ఈ లంబాసా ఆసుపత్రి కొట్టంలో తెలుగూ హిందుస్తానీ రెండూ వచ్చిన మనిషివి నువ్వొక్కడివే. నీకేమో గడ్డం కింద నుంచి నెత్తి దాకా గుడ్డ బిగించి పెట్టినారు. నా రాత కాకపోతే ఏంది?

నా తప్పు లేదని అనటం లా. ఓడ దిగి ఇంకా ఒక్క చెరుకు కోత గూడా చూడలా, గడ్డి చెక్కతా పార పాదం మీదనే ఏసుకున్నా. ఆ రోజే ఇక్కడికి వచ్చుంటే ఇంతదూరం పోయేది కాదు. వస్తే పనిదొంగ అంటారని, పసుపూ సున్నం కలిపి నేనే పట్టేసినా. కన్నమ్మ మొత్తుకునింది, 'ఆసుపత్రికి పోవయ్యా' అని. మొగుణ్ణి గదా, పెళ్ళాం మాట ఇంటానా? పైగా ఈ దీవిలో మొదట్నించీ ఉండే కాయివీతీ జాతి ముసలాయన ఏందో ఆకు నూరి పెడితే సల్లగా ఉందని అదీ పెట్టించుకున్నా. ఇప్పుడు పాదం నల్లబడింది. వాసన నాకే తెలస్తా ఉంది.

కొయ్యాల్సిందేనేమో! నేనేమన్నా వైద్యుణ్ణా? అయినా ఎందుకు కొయ్యాలో, కొయ్యకపోతే ఏమవుతుందో, నాకర్థమయ్యే మాటల్లో చెప్పమను. కన్నమ్మని మేముండే కూలీ లైన్ల కొట్టాల్లోంచి ఒక్కసారి పిలిపించమను. ఇద్దరం కూర్చుని ఏడుస్తాం. ఏడ్చినాక నేనే చెప్తా, కొయ్యండి అని. రేపు ఒంటికాలితో చెరుకు తోటలో నిలబడేది నేను గదన్నా! దొర నిలబడతాడా? రామ్ చంద్ర నిలబడతాడా?

అందుకే ఒకటి ఆలోచించి పెట్టుకున్నా. తోటలో సర్దార్లు రోజంతా అరుస్తారు చూడు, 'బైఠో నహీఁ, బాత్ నహీఁ' అని. నహీఁ అంటే వద్దనే గదా? తల ఊపు, చాలు. అంతే! ఈసారి వాళ్ళు ఏమడిగినా ఆ మాట తప్ప ఇంకోటి రాదు నా నోట్లోంచి. నహీఁ. నహీఁ. సరింగా పలకతన్నానా?

ఉండు, బూట్ల చప్పుడు. వస్తా ఉండారు. భయంగా ఉందన్నా, నా చెయ్యి పట్టుకో.

రామ్ రామ్ సర్దార్... ఏందీ? కుఛ్... బోల్నా?

నహీఁ! నహీఁ దొరా, నహీఁ!

చూసినావా పెద్దన్నా! ఎట్ట చెప్పినా! దొర తలూపి పోయినాడు చూడు. ఇంక నా కాలి జోలికి రారు. కన్నమ్మ వచ్చినదాకా... ఏందన్నా, తల కొట్టుకుంటా ఉండావు? అయ్యయ్యో, నీ దవడ కట్టు ఎందుకు ఇప్పతావు? నొప్పి పుడుతుంది, వద్దు... సరే, మెల్లగా చెప్పు.

ఆఁ?

'నువ్వు చెప్పాల్సిందేమన్నా ఉందా' అనా అడిగింది?

దానికి నేను లేదన్నానా? ఏమీ లేదు దొరా, లేనే లేదని, అన్నిసార్లు చెప్పినానా?

అదిగో, మంచం మోసేవాళ్ళు వస్తానే ఉండారు. నువ్వు లేవబాకన్నా, ఆ దవడతో నువ్వు అరిచినా ఎవురికి అర్థమవుతుంది? ఔనంటే కొయ్యమన్నట్టు, కాదంటే అడ్డం లేదన్నట్టు. ఈ ఫీజీలో నాకు వచ్చిన మాటలే రెండు, రెండూ వాడేసినా. కట్టు బిగించుకో. నీ నోటికి గుడ్డన్నా కట్టినారు పెద్దన్నా. నాకు అది గూడా అక్కర్లేకపోయింది.