కాలితో పిలిస్తే పలికే కుక్క

"మామ్మా, టైగర్ కో ఐసే పైర్ పటక్ కే క్యోఁ బులాతీ హో? నామ్ సే బులావో నా."

ఏటే పింకీ, పేరెట్టి పిలవమంతావా? కాలితో నేల తన్ని పిలుత్తన్నానని నవ్వొత్తందా? నవ్వు, నవ్వు. నువ్వు రాంచీ హాస్టల్లో కూకున్నావు, గోవింద్‌పూర్‌లో ఈ ఇంట్లో ఏటయిందో నీకేటి తెలుసు. అలా కూకో, సెప్తాను. మీ తాత ఇంటాడేమోనని బెంగెట్టుకోకు. వరండాలో పేపరు సదూతన్నాడు, మనం ఆయన గురించి ఏటి సెప్పుకున్నా పరవానేదు. ఎందుకు పరవానేదో నీకే తెలుత్తాది.

నువ్వు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు గావాల, మీ నాన్నని సాక్చి బజారుకి కూరగాయలకి పంపితే సంచీలో కుక్కపిల్లనెట్టుకొచ్చినాడు. అడుగున రెండు బెండకాయలు, పైన ఈ తెల్ల పిల్ల. అప్పుడు సంచీడు కూర వచ్చీ డబ్బుకి ఇప్పుడు కొత్తిమీర కట్ట రాదులే, అదొదిలేయ్. పిడికిలంత కుక్కకి టైగరని పేరెట్టింది మీ తాతే. రోలింగు మిల్లులో క్రేను ఆపరేటరు గదా, రోజంతా పైన కేబిన్లో కూకోని అందర్నీ కిందకి సూసినోడు. సిన్న పేర్లు ఆయనకానవు.

అలాటి టైగరు, మొన్న వానాకాలంలో ఉన్నట్టుండి మారిపోనాది. మీ నాన్న బండి సందు మలుపులో ఉండగానే గేటుకాడికి పరిగెత్తీది, మానీసింది. పిలిస్తే రాదు. ఎవరూ నేని గోడకేసి సూసి మొరుగుతాది. ఓనాడు సాయంత్రం పడుకోనుంటే మీ తాత ఎనకనుంచెల్లి ప్రేమగా ఈపు మీద సెయ్యేసినాడు. ఒక్క గెంతు గెంతి ఏలు పట్టీసింది. నెత్తురు రానేదు, గాటు పడిందంతే. ఆ గాటు ఏలి మీద కన్నా ఆయన పరువు మీద లోతుగా పడింది. కుక్కకి సూదులన్నీ ఏయించే ఉన్నాయి, అయినా ఆసుపత్రికెల్లి తనొకటి పొడిపించుకొచ్చినాడు. వచ్చిన కాడినుంచి ఇంట్లో ఒకటే పంచాయితీ.

మీ నాన్న ఏటన్నాడో తెలుసా? "దీనికీ తెలుగు మర్సిపోయినట్టుంది అమ్మా, పిల్లలకిలాగే" అన్నాడు. నిన్నే అన్నాడు, మూతి తిప్పకు. అప్పుట్నుంచి దాంతో హిందీలో మాటాడ్డం. "ఆవో బేటా, ఆవో బేటా." అది రానేదు. కుక్కలకి ఇంగ్లీషయితే బాగా ఎక్కుతాదని ఎవడో సెప్పినాడంట, "కమ్ టైగర్, సిట్ టైగర్" మొదలెట్టినాడు. మూడు బాసలయ్యాయి, కుక్క మాత్రం గోడకేసే సూత్తంది. మీ అమ్మేమో పోన్లో వీడియోలు సూసి, "దీనికి డిప్రెషన్ అత్తయ్యా, మనసు బాగునేదు" అని రోజూ దాని పక్కన పోనెట్టి ఏణువు పాటలు. కుక్కకి ఎలగుందో తెలీదు, నాకు మాత్రం బాగా నిద్దర పట్టీది.

ఏటవతల మాంగో పేట నుంచి మా తోడికోడలు పైడమ్మ వచ్చింది, నీకు సిన్నమామ్మ. గుమ్మంలోనే, "ఓలమ్మో, దిష్టే అక్కా, తెల్లగా ఉంది గదా!" అన్నాది. ఎండు మిరపకాయలు దిగదుడిసి పొయ్యిలో ఏసింది. టైగరు తుమ్మింది. "సూసేవా, దిగిపోనాది!" అంటాది. ఆ ఘాటుకి మేవందరం తుమ్మినాం, మరి అందరికీ దిష్టే గావాల. పైడమ్మ తనూ తుమ్మింది, అదేటో దానికి లెక్క నేదు.

ఈలందరూ ఒకెత్తు, మీ తాతొక్కడూ ఒకెత్తు. "దానికన్నీ ఇనపడతాయి, పొగరు! ఇన్నేల్లు తిండెట్టిన సెయ్యి కరిసింది, ఇంట్లో ఉంచను" అన్నాడు. మాంగోలో ఎవరో కాంట్రాక్టరు గోడౌన్‌లో ఒదిలీమన్నాడు. అక్కడ కాపలాకి దూడలంతేసి కుక్కలున్నాయంట. ఆటి మద్దెన ఈ పిడికెడు పేనం ఒక్క పూటైనా బతుకుతాదేటే? నాను ఏడిసినాను, దెబ్బలాడినాను, అన్నం మానేసినాను. ఏటి సెప్పినా తలూపుతాడు, మల్లీ అదే మాట. "ఆదివారం ఆటో వత్తాది." అంతే.

ఆదివారం రానే వచ్చింది. ఆటోవోడు గేటు ముందర నిలబడి పోంపోం అని ఒకటే మోత. వరండాలో మీ తాత కుర్సీలో, ఆయన కాలికాడ టైగరు, ఇద్దరూ నా వైపు ఈపెట్టుకోని ఉన్నారు. నాను వంటింట్లో ఏడుత్తూ ఏడుత్తూ అన్నం గుండిగ దించబోతే, దాని ఇత్తడి మూత జారి గచ్చు మీద పడింది. ఆ మోతకి పక్కింటోలు కిటికీ తీసి సూసినారు. వరండాలో? కుక్క సెవి కదిలిత్తే ఒట్టు. మీ తాత తల తిప్పితే ఒట్టు. గరిట తీసుకోని ఆలిద్దరి ఎనకా నిలబడి పల్లెం టంగుమని కొట్టినాను. ఉహూ. ఒల్లుమండి కాలితో నేల దబ్బుమని తన్నినాను. అప్పుడు ఇద్దరూ ఒక్కపాలే ఎనక్కి తిరిగినారే! ఇటు కుక్క, అటు మొగుడు! ముందు నవ్వొచ్చింది పింకీ, ఆపలేనంత నవ్వు. ఆ ఎనకాలే ఏడుపొచ్చింది.

మాంగో ఎల్లాల్సిన ఆటోని సాక్చికి తిప్పించినాను, పశువుల డాక్టరు కాడికి. నానే ఎక్కి కూకుంటే మీ తాత ఏటి సేత్తాడు, తనూ ఎక్కినాడు. డాక్టరు దాని నోరు తెరిసి పల్లు సూసినాడు, కల్లలోకి లైటేసినాడు, కాల్లు వంచి సూసినాడు, ఎనక నిలబడి సప్పట్లు కొట్టినాడు. "అమ్మా, దీనికి సెవులు పోయాయి" అన్నాడు. ఉన్నట్టుండి ఎలగ పోతాయి బాబూ అన్నాను. "ఉన్నట్టుండి పోనేదు, మెల్లగా పోయాయి. మీరే ఉన్నట్టుండి సూసినారు. ముసలి కుక్క పద్దతి మారిందంటే పొగరనుకోకూడదు. పన్నో, కన్నో, కాలి కీలో, సెవో, ఏదో ఒకటి దాన్ని బాద పెడతంటాది. ఇనపడనిదాన్ని ఎనకనుంచి ముట్టుకుంటే అది అదిరిపోయి కరుత్తాది" అని హిందీలో ఎంతో నెమ్మదిగా సెప్పినాడు.

మీ తాత "ఆఁ?" అన్నాడు. డాక్టరు మల్లీ సెప్పినాడు. మల్లీ "ఆఁ? కొంచెం గట్టిగా సెప్పండి, మీ ఫేను సప్పుడు ఎక్కువుంది" అన్నాడు. కరెంటు నేదే తల్లీ! ఫేను తిరిగితే గదా! డాక్టరు కుక్కకేసి సూసినాడు, మీ తాతకేసి సూసినాడు, నాకేసి సూసినాడు.

దారంతా మీ తాత టైగరుని ఒల్లో ఎట్టుకోని కూకున్నాడు. మర్నాడు పొద్దున్న సూద్దును గదా, వరండాలో బిస్కట్లెట్టుకోని దానికి క్రేను పని నేర్పుతున్నాడు! మిల్లు మోతలో నోటిమాట ఎవుడికి ఇనపడతాది? కింద సరుకు కట్టీ ఖలాసీ సెయ్యి సూపితే పైన మీ తాత నడిపీవోడు. అదే ఇక్కడ. ఏలు పైకెత్తి తిప్పితే లెగాల. ఏలు కిందకి తిప్పితే కూకోవాల. అరసెయ్యి అడ్డంగా ఎడితే ఆగాల. వారం తిరక్కుండా నేర్సీసుకుంది ముసలి ముండ. ఎనకనుంచెల్తే మాత్రం ముందు నేల మీద కాలు తట్టాల, అదురు తెలిసి తిరుగుతాది. ఆయన్నెప్పుడూ మల్లీ కరవనేదు.

మజ్జానం అన్నం యేల, నాను కూడా గుమ్మంలో నిలబడి మీ తాతకి ఏలు పైకెత్తి తిప్పినాను. గమ్మున లేచొచ్చి పీట మీద కూకున్నాడు. పెల్లయిన కాడినుంచి ఒక్క పిలుపుకి రావడం అదే మొదలు! తింటా తింటా అన్నాడు: "శానాల్లయి నీ మాట సగమే ఇనపడతందే. సెవిటోడంటారని తలూపీసీవోన్ని." సూడు, ఎన్ని తిట్లు గాలిలో కలిసిపోనాయో! నాకు మటుకు కల్ల నీల్లు ఆగనేదు. సెవి మిషను ఎట్టుకోమంటే ఎట్టుకోడు, దానికడ్డు పొగరు. కుక్కకి లేని పొగరు ఈయనకుంది మరి.

ఏటే, పలకవేటి? పింకీ! ఇన్నావా నేదా? ఓలమ్మ, ఆ సెవుల్లో పోను పాటల పుల్లలెట్టుకోనున్నావేటే ఇంతసేపూ! ఉండు, నీకూ అదే మందు. ఇదిగో, కాలు తడతన్నాను...

సూడు! కుక్కా, తాతా, నువ్వూ, ముగ్గురూ ఒక్కపాలే తలెత్తినారు! సల్లగా నూరేల్లుండండి నా తల్లీ. నీ మనుసులు పిలిస్తే పలకని రోజొత్తే తిట్టకు, ఒదిలీకు. దగ్గరకెల్లి నేల మీద ఒక్కపాలి కాలు తట్టు. లెగు మరి, అన్నం సల్లారిపోతంది... ఏలెత్తి సూపాలేటి నీకు కూడానూ...