పేరుకుపోయిన పేర్లు

టీవీ ముందు ఇంటాయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తాను మొదటిసారి టీవీలో మాట్లాడిన కార్యక్రమాన్ని చూపిస్తానని, భార్య తన ఆఫీసువాళ్లను వెంటబెట్టుకుని పది నిమిషాల్లో వచ్చేస్తోంది. రిమోటు బావమరిది చేతిలో ఉంది.

“బావా, ఈ సెట్‌టాప్ బాక్సులో నలభై రికార్డింగులున్నాయి. ఒక్కదానికీ పేరు లేదు, తేదీ లేదు.”

“పేర్లన్నీ పోయాయంటావా?”

“పోలేదు, పేరు లేకుండా పేరుకుపోయాయి. బాక్సు ప్లగ్గు గానీ పీకేస్తున్నావా?”

“రికార్డింగు టైముకి పెడతాను, అవగానే పీకేస్తాను. కరెంటు దండగ కదరా.”

“అదే కొంప ముంచింది. బాక్సు ప్లగ్గులోనే ఉండి, పనేమీ లేనప్పుడే కార్యక్రమాల పట్టిక దిగుతుంది. పట్టిక లేకపోతే పేరెక్కణ్ణుంచి వస్తుంది?”

“పోనీ, ఇప్పుడు దింపు.”

“పాతవాటికి రావు. ఆ రోజు అక్క మాట్లాడినదానికి వంద పేర్లు పెట్టావు, దీనికి ఒక్క పేరు పెట్టలేకపోయావా?”

“సతాయించకురా. ఒక్కొక్కటే తెరిచి చూడు, వచ్చేస్తారు.”

“అక్కర్లేదు. అన్నిటి పక్కనా ‘చూడలేదు’ అని ఉంది. ఒక్కదాని పక్కన మాత్రం ‘తొమ్మిదిసార్లు చూశారు’ అని ఉంది.”

ఇంటాయన నడక ఆగిపోయింది.

“అదే,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“ఒక్కసారి చూడ్డమే ఎక్కువన్నావట అక్కతో?”

గుమ్మం దగ్గర ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి.

“ఒరేయ్, ఆ తొమ్మిదిని చెరిపే మీట ఏదైనా ఉందా?”

“ఉంది బావా,” అంటూ బావమరిది రిమోటు జేబులో వేసుకున్నాడు. “అక్క చూశాక నొక్కుతాలే.”