జడ్జిని ఏరేదెవరప్పా?

అల్లా తోడు, గుట్టమీది సుంకులమ్మ తోడు! నేను చెప్పేదాంట్లో నువ్వుగింజంత అబద్ధముంటే నా నాలుక మీద జిల్లేడు మొలవనీ. లాయరప్పా, ఉదయ్ కుమారూ, ఆ సంతకాల కాగితం పక్కన పెట్టి ముందు నా మాట విను.

నా చేనికి పోయే బండిదారికి ఆ పక్కచేని కొండప్ప ముళ్లకంప కొట్టి పదకొండేండ్లు. కోర్టులో ‘హబీబా! కొండప్పా!’ అని పిలిచీ పిలిచీ ముగ్గురు బంట్రోతులు గొంతుపోయి ఇంటికి పోయినారు. ఇప్పుడు చూస్తే జడ్జి కుర్చీ రెండేండ్లుగా ఖాళీ! దానికి దండం పెట్టీ పెట్టీ నా చేతిగీతలు అరిగిపోయినాయి. గోడమీది బల్లి కూడా నా కేసు నంబరు తప్పుల్లేకుండా చెప్తాది.

ఏంటికప్పా నవ్వుతావు? నిన్న వాన పడింది. చేను పదునెక్కింది. మూడు దినాల్లో ఇత్తకపోతే ఈ ఏడూ బీడే. ట్రాక్టరు నెత్తిన పెట్టుకొని పోవల్నా నేను?

ఇంగ నీ కాగితం. జడ్జీలను ఏరే పద్ధతి మార్చమని ఢిల్లీకి అర్జీ అంటివి. పెద్ద కోర్టుకు జడ్జీలే జడ్జీలను ఎంచుతారంటావు. చిన్న కోర్టుకు పరీక్షంట, అది పెట్టేదానికే ఏండ్లంట. థూ!

మా ఊర్లో శెనక్కాయ ఇత్తనం ఎట్ల ఏర్తారో చూసినావా? ఎవరి ఇత్తనం వాళ్లు ఏరరు. నాది పక్కింటి వెంకటలక్ష్మమ్మ ముందర పోస్తా, ఆమెది నా ముందర పోస్తాది. మనదైతే పుచ్చుగింజ కూడా ముత్యంలాగ కనపడతాది కదా! అట్లని దారినపోయేవాన్ని పిలిచినామా, మంచివన్నీ నోట్లో వేసుకుంటాడు. ఇత్తనం తెలిసినోళ్లే, కానీ పరాయోళ్లు, నడివీధిలో కూర్చొని ఏరల్ల. వాన రాకముందే ముగించల్ల. రాసుకో, ఢిల్లీకి పంపు.

ఏమంటివి? పాత జడ్జి ఎందుకు పోయిందనా?

అది అడగద్దప్పా.

...సరే. శశి అని, బంగారట్లాంటి మనిషి. దారి చూసేదానికి తానే వచ్చింది. ముళ్లల్లో నడిచి కొలతలు వేయించింది. వచ్చే వాయిదాకు తీర్పనింది. తిరిగి పోతా పోతా కొండప్ప ఇంటిముందర నిలబడి మజ్జిగ తాగింది. నేను చూసినా. కడుపు మండిపాయ! జడ్జి కొండప్ప మనిషని పైకి అర్జీ పెట్టినా. మజ్జిగను పలావు చేసినా. పలావుకు గుత్తికోటంత మేకపోతును కోసినా!

విచారణన్నారు. ఏ తప్పూ లేదని తేలేలోపల ఆయమ్మను యాడికో మార్చినారు. ఆ కుర్చీలోకి మళ్లా ఎవరూ రాలేదు.

ఆ ఎండకు ఆయమ్మకు దాహమైందంతే, నాయనా. మా ఇంటికి తాళమేసి ఉండె.

యాడ వేయల్ల వేలిముద్ర? ఇదో, వేసినా. జడ్జి వచ్చేదాకా పదును ఆగుతాదా? నువ్వు కొండప్ప దగ్గరికి పో. ఇత్తేదాకా, మూడే మూడు దినాలు, కంప తీయమను. నేను అడిగినానని చెప్పద్దు.

ఉండు. చెప్పు, హబీబానే అడిగిందని చెప్పు. పో, వాడు బయటికి పోకముందే పో.