గట్టు అంచున గది

ఏటి మధ్య లంకలో, కొబ్బరితోట చివర, గోదావరి గట్టును కోసేసిన చోట ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకాయన ఆ తోట సొంతదారు, కొబ్బరి వ్యాపారి. ఇంకొకామె, పర్యాటకుల కోసం చిన్న గదికి ప్లాను గీసివ్వడానికి అమలాపురం నుంచి వచ్చిన ఆర్కిటెక్టు.

"ఇక్కడ వద్దండి బాబాయిగారూ. గట్టు విరిగిపడుతోంది."

"ఆయ్. నిరుడు వరదకి ఒక వరస చెట్లు పోయేయమ్మా. ఈ ఏడు ఇంకో వరస పోతాది."

"తెలిసీ ఇక్కడే కడతానంటారేంటండీ? తోట అమ్మేయొచ్చు కదా."

"కొనేవాడూ గట్టు చూస్తాడు కదమ్మా. అమ్ముడుపోని సరుకుని మనమే వాడుకోవాలి. వచ్చేవాళ్ళు గోదారి చూడ్డానికే వస్తారు. వెనకాల కడితే ఎవరు దిగుతారు?"

"వరదొస్తే గది కూడా పోతుందండి."

"స్లాబు వేస్తే పోతాది. మా లంకలో గోదారి దగ్గరికొచ్చిందంటే పాక విప్పేసి, వెనక్కి మోసుకెళ్ళి మళ్ళీ నిలబెడతారు. నాకు అలాంటిది గియ్యండి."

"అయితే సిమెంటు అసలు వద్దండి. వెదురు తడికెలు, పైన తాటాకు, మేకుల బదులు బోల్టులు. అడుగున కొబ్బరి మొద్దులు వేద్దాం, తోటలో కలిసిపోతుంది. దానికోసం చెట్లు మాత్రం కొట్టించకండి."

"కొట్టక్కర్లేదు. గోదారి పడేసినవే లాగించి పెట్టేను."

"ఇలా ఎంతకాలం వెనక్కి జరుపుతారండీ?"

"తోట ఉన్నంతకాలం."

"తోట అయిపోతే?"

ఆయన రేవు వైపు చెయ్యి చూపించారు.

"రేవులో మా పడవ ఉంది. దాని కొలత తీసుకోండమ్మా. గదిలో ఏ ముక్కా అంతకన్నా పొడుగుండకూడదు."