ఆది గౌను

బూర్గంపాడు. షాలేమ్‌రాజు, అక్సా దంపతుల ఇంటి ముందుగది. కుట్టుమిషన్, తెల్ల గౌన్ల కట్టలు, వాపసు వచ్చిన పార్సిల్ ఒకటి. మధ్యాహ్నం, బయట వాన.

"పార్సిల్ కెమెరా ముంగటికి తిప్పు అక్సా. చీటీ కనబడాలె. అన్ని దిక్కులా చూపియ్."

"చూపిస్తనే ఉన్న. టేపు ఊడలే. ఇగ కోస్తున్న."

"పేరు చదివి కొయ్యి. రేపు ఆన్‌లైన్ల అమ్మిపెట్టే కంపెనీవోళ్లు వీడియో నడుమ తెగిందంటరు."

"గోపాలు. మణుగూరు అవతల గూడెం. ఐదేండ్ల పిల్ల గౌను. వాపసు ఎందుకంటే, మెడ సరిగ్గ లేదట."

"మెడ సరిగ్గ లేదట! తల్లాడాయన కూడ గిట్లనే అన్నడు. ఫంక్షన్ల తొడిగిచ్చి, కూర మరకతోటి పంపిండు. తియ్యి బయటికి."

"తీస్తున్న, ఆగు."

"చెయ్యి అడ్డం పెట్టకు. ఏముంది లోపట?"

"మనం పంపింది కాదు."

"నేను అనలే? కొత్తది దాసుకొని పాతది పెట్టిండు. చంటిపిల్ల గౌను! ఉతికి ఉతికి పలసబడ్డది చూడు. వెలుతురుకు పట్టు, మంచిగ రానీ. ఇయ్యాల్నే కంప్లైంటు పెడదాం. ఆలస్యమైతే వినరు."

"నేను తప్పు చెప్పిన. ఇది మనదే."

"మనదేంది? మనం చంటిపిల్లలకు కుట్టనే కుట్టం గదా."

"అంచు మడతల చూడు. నీలం దారం."

"నీలం దారం అన్నిటికీ ఏస్తవు. మన మాల్ అని గుర్తుకే గదా ఏసేది."

"అన్నిటికీ ఒక కుట్టు ఏస్త. పేరు ఒక్క గౌనుకే కుట్టిన."

"ఇగ వీడియో చాలు."

"వీడియో ఎందుకాపినవ్?"

"చార్జింగ్ అయిపోయింది."

"సగం పైన్నే ఉంది. నాకు కనబడుతుంది."

"నీ మొఖం పాలిపోయింది అక్సా. కూసో. నీళ్లు తెస్త."

"నీళ్లొద్దు. ఇది చదువు."

"వద్దు."

"అయితే నేనే చదువుత. ఆరాధన. 'ధ' కాడ దారం తెగితే ముడేసిన. ముడి ఉన్నది, వేలు పెట్టి చూడు. చర్చిల బిడ్డను దేవునికి ప్రతిష్ట చేసే నాడు తొడగాలని కుట్టిన. ఆదివారం ప్రతిష్ట. బుధవారమే జ్వరమొచ్చె."

"అక్సా, ఇగ చాలు."

"బిడ్డతోటి మట్టిల పెట్టిన గౌను పార్సిల్ల ఎట్లొచ్చింది?"

"నువ్వు ముందు కూసో."

"నిన్నే అడుగుతున్న. మట్టిల పెట్టింది పార్సిల్ల ఎట్లొచ్చింది?"

"గసొంటి గౌన్లు లోకంల ఎన్ని ఉండవు?"

"నా చేతికుట్టు నాకు తెల్వదా? పా, భద్రాచలం పోదాం. సమాధుల తోట చూసొద్దాం. ఎవలన్న తవ్విన్రేమో. నక్కలు లాగినయేమో. నా బిడ్డ వానల పడి ఉన్నదేమో."

"ఎవలూ తవ్వలే."

"నీకెట్ల ఎరుక?"

"తవ్వలే అంటున్న గదా. ఈ పార్సిల్ వదిలెయ్. పోయింది పోనీ. నేను తీసుకపోయి గోదాట్లె ఏసొస్త."

"గోదాట్లె ఏస్తవా? కూర మరకకు మూడు దినాలు కొట్లాడినవ్. గుండీ ఊడినదానికి ఆరు మెయిళ్లు పెట్టినవ్. ఇయ్యాల గౌనుకు గౌనే మారితే వదిలెయ్ అంటున్నవ్. దొంగకు తేలు కుట్టినట్టు ఊకున్నవేంది?"

"నన్నేమీ అడగకు."

"ఆ దినం నాకు తెలివి లేదు. అదే జ్వరంతోటి పక్క వార్డుల పడి ఉన్న. కండ్లు తెరిచేసరికి మూడు దినాలైంది. గౌను తొడిగి పెట్టినమని నువ్వే చెప్పినవ్. జకర్యా పాస్టరయ్య కూడ అదే చెప్పిండు."

"నేనే అట్ల చెప్పుమన్న."

"ఏందీ?"

"అయ్యగారు అబద్ధం ఆడనన్నడు. కాళ్లు పట్టుకున్న. గౌను సంగతి ఇప్పుడు తెలిస్తే అక్సా బతకదని చెప్పిన."

"గౌను ఏం చేసినవ్?"

"ఇప్పుడెందుకది?"

"ఏం చేసినవ్?"

"పిల్లల వార్డుల పక్క మంచం మీద ఒక అడవి ఊరామె ఉండె. వాగు దాటి వచ్చిన్రు. చంకల మన బిడ్డంత బిడ్డ. తడిగుడ్డల గజగజ వణుకుతుంది. తెచ్చిన బట్టల మూట వాగుల పోయిందట. ఆమె నన్ను ఏమీ అడగలే. నా చేతుల ఉన్న గౌను చూసి మొఖం తిప్పుకుంది. మన బిడ్డకు ఇగ సలి లేదు అక్సా. ఆ బిడ్డకుంది."

"అయితే నా బిడ్డను ఒట్టిగ పెట్టినవా?"

"లేదు."

"మట్టిల ఒట్టిగ పెట్టినవా?"

"లేదు లేదు. నా చొక్కా చుట్టిన. పెండ్లి చొక్కా."

"ఆ చొక్కా దవాఖానల పోయిందన్నవ్."

"అబద్ధమాడిన. చేతులు మడిచిన, కాలరు మడిచిన. అయినా ఎంత పెద్దగయిందో. మొఖం కనబడాలని కాలరు మళ్ల కిందికి జరిపిన."

"నాలుగేండ్లు."

"చెప్పాలని ఎన్నో తీర్ల అనుకున్న."

"నాలుగేండ్ల సంది గదే మెడ కుడ్తున్న. ఏ గౌను మొదలు పెట్టినా నా బిడ్డ లోపట గిదే ఏసుకొని ఉన్నదనుకునే కుట్టిన. సలేస్తలేదులే అనుకునేదాన్ని. నువ్వు పక్కన కూసొని గుండీలు కుట్టినవ్. ఒక్క మాటన్న చెప్పలే."

"భయమయింది. నువ్వు మిషన్ మీద కూసోవుడు మానేస్తవని భయమయింది. అది తొక్కినంతసేపే నువ్వు మనిషిలెక్క ఉండేదానివి."

"ఇది దాని వాసన కాదు. పొగ వాసన, ఇప్పపువ్వు వాసన. నా బిడ్డ వాసన ఒక్క పిసరు కూడ లేదు."

"గౌనుల నుంచి ఏదో పడ్డది. కాగితం ముక్క."

"నంబరు రాసుంది. ఫోన్ చెయ్."

"కంప్లైంటు పెట్టేది లేనప్పుడు ఫోన్ ఎందుకు?"

"చెయ్. స్పీకర్ల పెట్టు. నేను మాట్లాడుత."

"అక్సా..."

"చెయ్ అంటున్న."

"హలో? ఎవలు?"

"గౌన్లు కుట్టేటోళ్లం, బూర్గంపాడు నుంచి. మీరు ఒకటి వాపసు పంపిన్రు."

"అవ్ అమ్మా, పంపినం! నేను ముత్తక్కను, గోపాలు ఇంటామెను. ఆది అందిందా?"

"ఆదా?"

"టైలర్‌కు పాతది ఇస్తం గదా అమ్మా, దాన్ని చూసి కుట్టుమని. గట్లనే పంపిన. కొత్త గౌను మెడ గుచ్చుతుందని పిల్ల ఒకటే ఏడుపు. పాతదాని లోపట ఏదో మెత్తటి గుడ్డ ఏసిన్రు, అది గుచ్చది."

"అది నా..."

"ఏందమ్మా?"

"పాత చీర కొంగు. అట్ల ఏసేది."

"చూస్తనే చెప్పినవే! కొత్తది కూడ పెడదామంటే, పార్సిల్ కోసం వచ్చినాయన ఒక్కటే తీసుకుంటనన్నడు. ఆది లేకుండ మీరెట్ల కుడ్తరని అదే పంపిన. కొత్తది ఇంట్లనే ఉన్నది, ఒక్క మరక పడలే. మేం దొంగలం కాదమ్మా."

"కాదు. మీరు కాదు."

"అక్సా, ఇగ పెట్టెయ్ ఫోన్."

"నువ్వు ఊకో. ముత్తక్కా, మా గౌనే ఎందుకు తెప్పిచ్చినవ్? ఫోన్ల ఎన్ని రకాలు లేవు?"

"మా పక్కింటి యశోద ఫోన్ల చూపిస్తుంటే ఈ మెడ కనబడ్డది. అంచు ఫోటోల నీలం దారం కూడ కనబడ్డది. ఆ చేతే కుట్టిందని నేను అంటే యశోద నవ్వింది."

"పాత గౌను మీకెక్కడిది?"

"ఒక అన్న ఇచ్చిండమ్మా. వరదల నాడు, భద్రాచలం దవాఖానల. మా పిల్ల బతకదనుకున్నం. ఆ అన్న గౌను నా ఒళ్లె పెట్టి, ఏమీ మాట్లాడకుండ పోయిండు. తెల్లగుడ్డల చుట్టిన బిడ్డ ఆయన చేతుల్ల ఉండె. ఒంటి మీద ఒట్టి బనీను. గంత వానల అట్లనే పోయిండు."

"బనీనేనా?"

"అవ్, బనీనే. దండం పెడదామంటే తిరిగి చూడలే. ఎవలో ఏమో. మీకు ఎరుకనా అమ్మా?"

"ఇక్కడనే ఉన్నడు. ఏడుస్తున్నడు."

"ఏందమ్మా? వాన చప్పుడుకు సరిగ్గ వినబడలే."

"ఏమీ లేదు. పిల్ల ఎట్లున్నది?"

"మంచిగున్నది. అంగన్‌వాడీకి పోతది. ఆ గౌను నెత్తి కింద పెట్టుకోకుంటే పండది. పంపినకాడి నుంచి నా పానం తింటుంది. జల్దీ కుట్టి ఆది మళ్ల పంపమ్మా, నీకు పుణ్యముంటది."

"పంపుత. పిల్ల పేరేంది?"

"అప్పటికి పేరు పెట్టలేదమ్మా. జ్వరం దిగినంక నర్సమ్మ ఆ గౌను అంచు చదివి చెప్పింది. గౌనుతోటే బతికిచ్చిండు గదా ఆ అన్న, గదే పేరు ఉంచినం. ఇగో పక్కనే ఉన్నది, గుంజుకుంటుంది. నువ్వే అడుగు. బుజ్జీ, గౌను కుట్టే అమ్మ. నీ పేరు చెప్పు."

"ఆరాధన. అమ్మా, నా గౌను నీ కాడనే ఉన్నదా?"