పొట్లం కట్టని రూపాయి

ఆదివారం మధ్యాహ్నం. ధర్మవరం బస్టాండు ఎదురుగా ఏసుదాసు గడియారాలు బాగుచేసే కొట్టు. బల్లకు ఇవతల బడిపంతులు బసవరాజు.

"పోయింది మాఘ పున్నమి దినం. బుధవారం. పొద్దున పదిన్నరకు."

"రూపాయి బిళ్ళ పోతే టైము గూడా గుర్తు పెట్టుకుంటిరా సార్! అయ్యవార్లంటే అయ్యవార్లే. ఏదీ, సంచిలో ఉండేటివి ఈ గుడ్డ మీద పోయండి. అబ్బో! ఇన్ని యాడివి?"

"బస్సు చిల్లర. తొమ్మిది ఆదివారాలది. హిందూపురంలో ఎక్కుతాను, పెనుకొండ మీద ఈడికి వస్తాను, మళ్ళా అదే దోవలో పోతాను. నోటిచ్చి రూపాయి బిళ్ళలే ఇయ్యమంటాను. పోయిన బిళ్ళ వీటిలో ఉండాదేమో చూడు."

"ఒక బిళ్ళ కోసరం తొమ్మిది వారాలా! మీ ఇంటామె, మా కండక్టరమ్మ, తరిమిందా ఇంట్లోనుంచి?"

"లేదు."

"ఆయమ్మ మొగం చూసి రెండు నెల్లాయ. ఇంటాయన బిళ్ళ పోగొట్టినాడని నా మీద గూడా అలిగిందేమో. వేరే రూటుకేసినారా సార్?"

"నువ్వు ముందు బిళ్ళలు చూడు."

"చూస్తా, చూస్తా. తొందరపడితే కంటి అద్దం కుదురుగా నిలబడదు. ఊఁ... ఇది కాదు. ఇది అచ్చు అరుగుడు. ఇదీ అరుగుడే. ఇది నేల మీద పడి సొట్టపోయింది. ఇది..."

"దాంట్లో అంకె రెండుగా కనపడతాంది కదా? పక్కనే నీడ మాదిరి."

"ఫోన్లో వీడియోలు చూసి వచ్చేటోళ్ళంతా ఇదే మాట సార్. మొన్న ఒకాయన ఇట్లాంటిదే తెచ్చి, దీనికి లచ్చ వస్తాదంట గదా, నాకు అర్ధలచ్చ ఇచ్చినా చాలు, మిగతాది నువ్వే పెట్టుకో అన్నాడు. ఎంత దయ!"

"అయితే ఇది తప్పు బిళ్ళ కాదా?"

"కాదు. బిళ్ళలు కొట్టే అచ్చు లచ్చల బిళ్ళల మీద పడి పడి అరుగుతాది. అప్పుడు అంకె ఉబ్బుతాది. అంచు నీళ్ళల్లో నానిన మాదిరి పరుచుకుంటాది. దాన్ని తప్పు అనగూడదు. ముసలితనం, అంతే."

"నిజమైన తప్పు ఎట్లుంటాది?"

"చీర అయితే మీకు సులువుగా తెలుస్తాది. కట్టి కట్టి పోగు లేస్తే అది అరుగుడు. మగ్గం మీద డిజైను అట్టలోనే ఒక బొక్క ఎక్కువ కొట్టింటే? చీర కొత్తదైనా తప్పు తప్పే. బిళ్ళ గూడా అంతే సార్. అచ్చు చేసే పొద్దే దాంట్లో బొమ్మ రెండుతూర్లు దిగిండల్ల. అప్పుడు రెండు గీతలూ దేనికది నిలబడతాయి. అంకె మూలలో సన్నంగా చీలిక కనపడతాది. అరిగినదాంట్లో ఆ చీలిక ఉండదు, కరిగిపోయింటాది. ఇదో, అద్దం పెట్టుకొని మీరే చూడండి."

"...చీలిక లేదు."

"లేదు గదా. అదీ తేడా."

"నాకు ఇన్నాళ్ళూ తెలీదు."

"తెలీకుండా ఏం ఎతికితిరి సార్, తొమ్మిది వారాలు?"

"రెండుగా కనపడేవి పక్కకు తీసిపెడతాంటిని."

"నేను ఈడనే ఉండా గదా! తొమ్మిది తూర్లు ఈ బస్టాండులో దిగి, రోడ్డు దాటి నా తావకు రాలేదా?"

"రాలేదు."

"ఏంటికి?"

"వస్తే నువ్వు గంగాదేవిని అడుగుతావు."

"అడిగితే ఏమి? అడగనా? ఆయమ్మ డ్యూటీ అయితానే ఈ స్టూలు మీద కూర్చొని... సార్. సార్, ఏమైంది?"

"పున్నమికి ముందు రాత్రి. గుండె. ఆస్పత్రికి పొయ్యేంత సేపు గూడా లేదు."

"అయ్యో దేవుడా! ఆయమ్మా?"

"కూర్చో ఏసుదాసూ. బిళ్ళలు కింద పడతాయి."

"నేను... నేను రూటు మార్చినారని అనుకుంటాంటి సార్. పెనుకొండ బస్సు వచ్చినప్పుడల్లా తలెత్తి చూస్తాంటి."

"నేనూ చూస్తాను. ఇప్పుడు కొత్తాయమ్మ వస్తాది. మంచామె. చిల్లర ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు."

"కాఫీ చెప్పనా?"

"వద్దు."

"రవ్వంత తాగండి."

"వద్దప్పా. బిళ్ళ సంగతి చెప్పనీ. పదిన్నరకు ఎత్తాల్సి ఉన్నింది. పక్కింటి నల్లమ్మవ్వ, నుదుట రూపాయి పెట్టల్ల, రూపాయి తెండి అనింది. అందరూ జేబులు తడుముకున్నారు. అందరి జేబుల్లోనూ ఫోన్లే. ఒక్కరి దగ్గర రూపాయి లేదు."

"ఉండదు సార్, ఈ కాలంలో."

"నేను అల్మారాలో ఆమె బిళ్ళల డబ్బా తీసి, పైన ఉండే బిళ్ళ తీసుకున్నాను. నేనే పెట్టినాను. పెనుకొండలో మా చేన్లో పూడ్చినాము. గుంత తవ్విన తిమ్మప్ప ఆ రూపాయి తీసుకున్నాడు. వాళ్ళకు పోవాల్సిందే కదా, ఆనవాయితీ."

"అవును. అది వాళ్ళది."

"దినాలు అయినాక పోయి అడిగితిని. బస్సులో టిక్కెట్టుకు ఇచ్చేస్తి సామీ అన్నాడు. ఆయప్ప తప్పేముంది?"

"అందుకనా బస్సులు..."

"ఆ డబ్బాలో ఉత్త రూపాయి ఎందుకుంటాది ఏసుదాసూ? టిక్కెట్ల సంచిలో విచిత్రంగా కనపడిన బిళ్ళకు బదులు తన రూపాయి వేసి, దాన్ని ఇంటికి తెచ్చేది. నీకు తెలుసు కదా."

"తెలుసు సార్. డిపోవాళ్ళది ఒక్క పైసా ముట్టేది కాదు."

"అంతకు ముందు శుక్రవారం ఒకటి తెచ్చింది. ఇది అరుగుడు కాదు, నిజంగా తప్పు బిళ్ళ, ఒక్కతూరి అద్దం పెట్టి చూడు అనింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతాంటిని."

"ఊఁ."

"తలెత్తలేదు. అచ్చు అరిగింటాది లే అన్నాను. ముప్పై ఏండ్లు పేపర్లు దిద్దినాను. ఏ పిల్లోడి జవాబూ చదవకుండా కొట్టెయ్యలేదు."

"ఆయమ్మ ఏమనింది?"

"ఏమీ అనలేదు. అన్నం పెడతా లెయ్ అనింది."

"శనివారం అది నా తావకు వచ్చింది సార్."

"ఏది?"

"ఆ రూపాయే. ఇదో, ఈ అద్దంలోనే చూస్తి. అరగంట చూస్తి. ఒక కస్టమరు వాచీ కోసరం నిలబడి తిట్టుకుంటా పాయ. అంకె మూలలో చీలిక, గీత గీసినట్ల. నిజమైందే సార్."

"నిజమైందే."

"అవును."

"ఆమెకు చెప్పినావా?"

"చెప్తి. చిన్నపిల్ల మాదిరి నవ్వింది. మా సారుతో చెప్పొద్దు నువ్వు, ఆయప్పే చూసి ఒప్పుకోవల్ల అనింది. ఊర్లో పిల్లోళ్ళందరికీ టిక్కులు పెడతాడు గదా, నాకూ ఒకటి పెట్టనీ అనింది. సార్, నీళ్ళు తాగండి."

"దాన్ని నేను చూడకుండానే ఇచ్చేసినాను."

"ఒక మాట అడుగుతా. కోపం చేసుకోవద్దండి. మీరు తీసుకున్న బిళ్ళ పొట్లంలో ఉన్నిందా?"

"ఏం పొట్లం?"

"టిక్కెట్టు కాగితంతో కట్టిన పొట్లం. నిజమైందని తేలితే ఆయమ్మ మిషను కాగితం చించి, బిళ్ళను చుట్టి, ఎనక తట్టు పెన్నుతో తారీకు రాసేది. మిషను అచ్చు నాలుగు నెల్లకు చెరిగిపోతాది, పెన్ను నిలబడతాదని. ఆ శనివారం గూడా ఈ బల్ల మీదనే చుట్టింది. పెన్ను నాదే."

"చుట్టి లేదు. విడిగా ఉన్నింది."

"బాగా గుర్తు చేసుకోండి."

"పైన, విడిగా. చేతికి అందింది తీసుకున్నాను. కాగితం లేదు."

"విడిగా ఉండేటివి ఇంగా నాకు చూపించనివి సార్. దాంట్లో ముక్కాలు వంతు అరుగుడువే. ఆయమ్మే నవ్వేది, వారమంతా ఏరితే నువ్వు ఒక్కటీ ఒప్పుకోవు అని. మీరు నుదుట పెట్టింది అది కాదు. అది ఏ బస్సులోనూ లేదు."

"మరి?"

"మరి ఏమి? ఇంట్లోనే ఉండాది. డబ్బాలో, అడుగున, పొట్లంలో. మీరు తిప్పి చూసిందే లేదా? ఎన్ని పొట్లాలు ఉండాయి దాంట్లో?"

"తెలీదు."

"తొమ్మిది వారాలు బస్సుల్లో ఎతికినారు. డబ్బా అల్మారాలోనే ఉంది గదా సార్! ఈ అద్దం తీసుకుపోండి. మళ్ళా ఎప్పుడైనా ఇద్దురు. మూల చూడల్ల, గుర్తుంది గదా, అంకె మూల. పోతానే డబ్బా తీసి..."

"ఆ పొద్దు పదిన్నరకు దానికి మూత పెట్టినాను ఏసుదాసూ. ఇంగా తీయలేదు."