మా గుండుసూది మేడమ్ గారూ, తారుమారైన రెండు చివరి పేజీలూ

1991వ సంవత్సరం జూన్ నెల మూడవ తేదీ, సోమవారం, ఉదయం పది గంటలకు పది నిమిషాలు తక్కువగా, ఒక చేతిలో తడిసి ముద్దయిన గొడుగు, మరో చేతిలో చుక్క నీరు తగలని నియామక పత్రం పట్టుకుని మన అంతర్జాతీయ సాహిత్యోత్సవ కార్యాలయం మెట్లెక్కి, తాత్కాలిక టైపిస్టుగా విధులలో చేరిన గౌరవనీయురాలు, నేడు రచనా కార్యశాల సమన్వయాధికారి హోదాలో పదవీ విరమణ చేస్తున్న శుభ సందర్భంలో ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం ఈ వ్యాసకర్తకు దక్కింది. ఎందుకు దక్కిందో కూడా మనవి చేయాలి. మన సామాను గదిని ముప్పై రెండేళ్ళు ఏలిన ఈ వ్యాసకర్త చేతుల మీదుగా కుర్చీలు, బల్లలు, మైకులు, చెవులకు తగిలించుకునే అనువాద యంత్రాలు, కథలు, కవితలు, ఉపన్యాసాలు లక్షల్లో నడిచివెళ్ళాయి. వాటిలో ఒక్క కాగితమైనా దారి తప్పిన దాఖలా లేదు. అంతటి జాగ్రత్తపరుడు మెచ్చుకుంటేనే కదా మెచ్చుకోలుకు విలువ!

కార్యాలయంలో ఆవిడ అందరికీ గుండుసూది మేడమ్ గారు. ఆ బిరుదు ఎలా వచ్చిందో తెలిసినవారు తక్కువ. సరిగ్గా తెలిసినవారు ఇద్దరే. ఒకరు ఆవిడ. రెండోవారు ఎవరో ముందు ముందు తెలుస్తుంది.

ఆవిడ చేరిననాడు మనకున్నవి మూడు గదులు. టైపు గది కిటికీ సగమే తెరుచుకునేది, టైపు యంత్రం పూర్తిగా మొరాయించేది. అయినా ఉత్సవం జరిగే ఆ పది రోజులూ ఆవిడ కాళ్ళు నేల మీద ఆనేవి కావు. పన్నెండు దేశాల నుంచి పన్నెండుమంది రచయితలు దిగేవారు. పన్నెండు భాషల నవ్వులు ఒకే వసారాలో కలగలిసి వినబడుతుంటే, భోజనం డబ్బా మూత కూడా తీయకుండా కార్యశాల తలుపు దగ్గర నిలబడి వింటూ ఉండేవారు. ఏ దేశం వారు వచ్చినా వారి భాషలో ఒక్క ప్రశ్న నేర్చుకునేవారు: "భోంచేశారా?" ఇప్పటికి ఆ ప్రశ్న ఆవిడకు నలభై ఒక్క భాషల్లో వచ్చు. జవాబు మాత్రం ఒక్క భాషలోనూ అర్థం కాదు. అయినా ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ముఖం చూసి చెప్పేసేవారు.

కార్యశాల పద్ధతి తెలియని కుటుంబ సభ్యుల కోసం ఒక ముక్క. రచయితలు ఆరు రోజులు కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో కథ తమ భాషలో రాస్తారు. అనువాదకులు దాన్ని మన భాషలోకి తెచ్చి చెబుతుంటే మేడమ్ గారు టైపు చేస్తారు. ఏడోనాటి సాయంత్రం నిండు సభలో ఆ కథలను గంభీరం గారు చదువుతారు. గంభీరం గారంటే మన వేదిక వ్యాఖ్యాత. ముందుగా చదివితే గొంతు పాతబడుతుందని ఆయన సిద్ధాంతం, అందుచేత ఏ కథనూ సభకు ముందు కన్నెత్తి చూసేవారు కారు. ఆయన చదువుతున్నది రచయితలకు తిరిగి వారి వారి భాషల్లో చెవియంత్రాల గుండా అందేది.

1994వ సంవత్సరపు ఉత్సవం నాటికి మేడమ్ గారి ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. స్థిరం చేసే ఫైలు పెద్ద డైరెక్టరు గారి బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది. ఉత్సవం సవ్యంగా జరిగితే సంతకం, లేకపోతే ఇంటిదారి. ఆ ఏటి కథల్లో రెండింటిని చెప్పుకోవాలి. ద్వీపం నుంచి వచ్చిన కథకురాలు ఒక దీపస్తంభం కాపలాదారు కథ రాశారు. ముప్పై ఏళ్ళు ఓడలకు దీపం చూపిన మనిషికి, రేపటి నుంచి దీపం దానంతటదే వెలుగుతుంది, నువ్వు అక్కర్లేదని ఉత్తరం వస్తుంది. చివరి పేజీలో అతడు తలుపుకు తాళం వేసి, తాళంచెవి సముద్రంలో పారేసి వెళ్ళిపోతాడు. మంచుదేశపు కవిగారు ఇద్దరు అన్నదమ్ముల కథ రాశారు. ఒకే పొయ్యి మీద రొట్టెలు కాల్చుకుంటూ ఇరవై ఏళ్ళుగా మాటల్లేని వాళ్ళు. అన్న జబ్బుపడతాడు. చివరి పేజీలో తమ్ముడు ఇద్దరికి సరిపడా రొట్టె కాల్చి, తలుపు తెరిచి ఉంచి కూర్చుంటాడు.

సభకు పావుగంట ముందు టైపు గది గుమ్మంలో మేడమ్ గారు కాగితాల దొంతర ఈ వ్యాసకర్త చేతుల్లో పెట్టారు.

"అన్నయ్యా, గుండుసూదులు అయిపోయాయి, పేజీ నంబర్లు వేసే టైము లేదు. ఒక కథ అడ్డంగా, ఒక కథ నిలువుగా పేర్చాను. రెండు చేతుల్తో పట్టుకెళ్ళండి. దారిలో ఎవరికీ కబుర్లు చెప్పకండి."

"నేనేం చెప్తాను చెల్లెమ్మా, నోట్లో నాలుక లేనివాణ్ణి!"

"మీకు లేకపోవడమేంటి, పది మందికి సరిపడా ఉంది. వెళ్ళండి, వెళ్ళండి!"

ఇక్కడ ఈ వ్యాసకర్త మొదటి పేరాలో పలికిన ప్రగల్భాన్ని సంతోషంగా వెనక్కి తీసుకుంటున్నాడు. వసారా మలుపులో ఒక అనువాదకురాలు ఎదురై, "మీరు చిన్నప్పుడు చేప పట్టారటగా, ఎంతుందేంటి?" అని అడిగింది. అడిగితే చెప్పకపోవడం మర్యాద కాదు. ఎంతుందో చూపించకపోతే నమ్మకం కలగదు. ఈ వ్యాసకర్త రెండు చేతులూ బారజాపాడు. చేప గాలిలో నిలిచింది. కాగితాలు నిలవలేదు.

పన్నెండు కథలూ వసారా పొడుగునా పరుచుకున్నాయి. వంగి, పాకి, బల్లల కింద దూరి ఏరుకుని, పదింటిని సరిగ్గానే కూర్చాడు. మిగిలిన రెండింటి చివరి పేజీలూ "అప్పుడతడు" అనే మొదలయ్యాయి. ఎవరతడు? ఆలోచించడానికి వ్యవధి లేదు, లోపల చప్పట్లు వినబడుతున్నాయి. తల ఎత్తి చూస్తే టైపు గది గుమ్మంలో మేడమ్ గారు నిలబడి ఉన్నారు. చేప దగ్గర్నుంచి అంతా చూశారు.

గంభీరం గారు చదివారు. కాపలాదారు ఉత్తరం మడతపెట్టాడు, చివరిసారి మెట్లెక్కాడు, అప్పుడతడు ఇద్దరికి సరిపడా రొట్టె కాల్చి, తలుపు తెరిచి ఉంచి కూర్చున్నాడు! సభ ఊపిరి బిగబట్టింది. ఎవరికోసం తెరిచాడు? ఎవరొస్తారు? ముందు వరసలో ద్వీపపు కథకురాలు చెవియంత్రం తీసి చూసుకుని, మళ్ళీ తగిలించుకున్నారు. తరువాతి కథలో తమ్ముడు జబ్బుపడిన అన్న గుమ్మం దాకా వచ్చాడు, అప్పుడతడు తలుపుకు తాళం వేసి తాళంచెవి సముద్రంలో పారేసి వెళ్ళిపోయాడు. ఆ కథలో అంతవరకు సముద్రమన్నదే లేదు! అయినా ఒక్కరూ నవ్వలేదు. చప్పట్లు మొదలయ్యాయి. ఏడు నిమిషాలు మోగాయి. సామాను గదిలో పేర్చిన ఇనుప కుర్చీలు ఆ ధ్వనికి వాటంతటవే రెండడుగులు జరిగాయి.

సభ ముగియగానే వేదిక వెనక గదిలో పెద్ద డైరెక్టరు గారు రెండు కథల మూలాలూ పక్కపక్కన పెట్టుకుని నిలబడ్డారు. ముఖం కందగడ్డ.

"ఎవరి నిర్వాకం ఇది? ఈ కాగితాలు పేర్చిందెవరు?"

ఈ వ్యాసకర్త ఒక అడుగు ముందుకు వేసి, "అది కాదండీ, నేను..." అని నోరు తెరిచాడు. మేడమ్ గారు కళ్ళతోనే ఆపేశారు.

"నేనేనండి. నంబర్లు వేయకుండా పంపాను. తప్పు నాది."

"పన్నెండు దేశాల ముందు పరువు తీశారు! రేపటి నుంచి మీరు రానక్కర్లేదు."

ఆవిడ కప్పు, గొడుగు సంచిలో పెట్టుకుని మెట్లు దిగారు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి కార్యాలయంలో మరో పిడుగు. ముగింపు గోష్ఠికి రచయితలు పన్నెండుమందీ కూర్చోమంటే కూర్చోరు. ఆ ముగింపులు మార్చిన మనిషి వస్తేనే మాట్లాడతామన్నారు. డైరెక్టరు గారు కారు తాళాలు ఈ వ్యాసకర్త మీదికి విసిరి, "పరిగెత్తు!" అన్నారు.

మేడమ్ గారు పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు. గడియారాలు బాగుచేసే వారి శ్రీవారు అరుగు మీద కూర్చుని భూతద్దం కంటికి పెట్టుకునే కాఫీ తాగుతున్నారు.

"చెల్లెమ్మా, బయల్దేరు!"

"నేను రాను అన్నయ్యా. రావద్దన్నారు కదా."

"నువ్వు రాకపోతే పన్నెండు దేశాలూ ఇక్కడికే వస్తాయట. మీ ఇంట్లో కుర్చీలెన్ని?"

"నాలుగు. ఒకదానికి కాలు లేదు."

"మరి?"

శ్రీవారు భూతద్దం తీయకుండానే, "వెళ్ళవే, ఆ కాలు లేని కుర్చీ చూస్తే మనకున్న పరువు కూడా పోతుంది" అన్నారు. అలా వారి సమయోచిత సలహా వల్ల మన సంస్థ నిలబడింది.

ఆవిడ గోష్ఠి గదిలో అడుగుపెట్టగానే మంచుదేశపు కవిగారు లేచి నిలబడ్డారు. ఆయన మాట అనువాదకురాలి నోట వచ్చింది: "ఆ తమ్ముణ్ణి నేనే. కథలో తలుపు తెరిచాను గానీ, నిజానికి నేను తాళం వేసే వచ్చాను. రాయడానికి ధైర్యం చాలలేదు. మీరు రాసేశారు. ఇవాళే మా అన్నకు ఉత్తరం రాస్తాను." ద్వీపపు కథకురాలు మేడమ్ గారి చెయ్యి పట్టుకుని వదల్లేదు: "నా కథల్లో అందరూ తలుపులేసుకుని వెళ్ళిపోతారు. ఒక్కడు కూర్చుంటాడని నాకే తోచలేదు. ఒకరి కథకు ఇంకొకరు ముగింపు రాస్తే ఇలా ఉంటుందా? ఇవాళ అందరం రాద్దాం!" ఆ పూట పన్నెండుమందీ కథలు మార్చుకుని ముగింపులు రాశారు. గదిలో సందడి వీధిలోకి వినబడింది. మధ్యాహ్నానికల్లా డైరెక్టరు గారు వేదికెక్కి, ఇదంతా సంస్థ ముందుగానే సంకల్పించిన ప్రయోగమని ప్రకటించారు.

ముగింపుల మార్పిడి అనే మన కార్యశాల ఆచారం పుట్టింది అలాగ. మేడమ్ గారిని పనిలో ఉంచుకున్నారు. కానీ ఫైలు మీద ఎర్ర సిరాతో "అజాగ్రత్త" అన్న మాట ముందే పడిపోయింది. సంతకం ఏడాది ఆలస్యమైంది. ఆ మర్నాటి నుంచి వారి చేతిసంచి పట్టీకి వరసగా గుచ్చిన గుండుసూదులు వెలిశాయి, వాటితోపాటే బిరుదూ వచ్చింది.

1995లో ఉద్యోగం స్థిరపడింది మొదలు, 2003లో సహాయ సమన్వయాధికారిగా, 2011లో సమన్వయాధికారిగా ఆవిడ ఆ ఆచారాన్ని పెంచి పెద్దచేసిన తీరు సంస్థ చరిత్రలో భాగం. ముగింపు రాయబోయేవారు ముందు ఆ కథను రెండుసార్లు పైకి చదవాలి, అసలు రచయిత ఎదురుగా కూర్చుని నోరు మెదపకుండా వినాలి అన్న నియమం వారిదే. భిన్న భాషల, భిన్న మతాల, నిన్నటివరకు పోట్లాడుకున్న దేశాల రచయితలు ఒకరి కథలోకి ఇంకొకరు చెప్పులు విప్పి నడిచివచ్చేలా చేసిన ఘనత కూడా వారిదే. నేడు ఏడు దేశాల కార్యశాలల్లో ఈ పద్ధతి నడుస్తోంది. ఇంత చేసినా, ఏ ఒక్క కథ మీదా ఆవిడ తమ చేతివ్రాత పడనివ్వలేదు.

ఈ ఏటి ఉత్సవం ప్రారంభించడానికి ఎనభై ఏళ్ళ ద్వీపపు కథకురాలే రావడం మనమంతా చూశాం. "నా కాపలాదారు చేత తలుపు తెరిపించిన మనిషి ఎక్కడ?" అని ఆవిడ మైకులో అడిగితే, సభ మొత్తం ఒక్కసారిగా మేడమ్ గారి వైపు తిరిగింది. ప్రతి ఏడూ చివరి వరసలో నిద్రపోయే శ్రీవారు కూడా ఉలిక్కిపడి లేచి చప్పట్లు కొట్టారు. నాలుగో వరసలో కూర్చున్న ఈ వ్యాసకర్త మాత్రం కొట్టలేకపోయాడు. ముప్పై ఒక్కేళ్ళు ఆ తప్పును మోసింది ఆవిడ. దానిలోంచి పుట్టిన ఒప్పును పెంచిందీ ఆవిడే. ఎర్ర సిరా ఇంకా ఫైల్లోనే ఉంది. దానితోపాటే ఆవిడ ఇంటికి వెళ్ళడం అన్యాయం.

అందుచేత, ఆ "అజాగ్రత్త" అన్న మాటను ఆవిడ ఫైల్లోంచి కొట్టేసి, ఎప్పుడో మూసేసిన ఈ వ్యాసకర్త ఫైలు దుమ్ము దులిపి అందులో రాయవలసిందిగా ప్రస్తుత డైరెక్టరు గారికి ఈ అభినందన వ్యాసం ద్వారా సవినయంగా మనవి. ఆయన వ్రాతప్రతి చదివి, మరో మాట లేకుండా ఎర్ర కలం తెప్పించారని తెలిసి ఈ వ్యాసకర్తకు జీవితంలో మొదటిసారి మందలింపు తీపిగా అనిపించింది.

మేడమ్ గారూ! ఇకపై మీ ఉదయాలకు హాజరు పట్టీ లేదు, మీ కాఫీకి గంట లేదు. మీ మోకాళ్ళు మెట్లను లెక్కపెట్టకుండా ఎక్కాలి, మీ కళ్ళు సన్న అక్షరాలను వెతుక్కోకుండా చదవాలి. మీ శ్రీవారు బాగుచేసిన గడియారాలన్నీ అరిగి ఆగిపోయాక కూడా మీరిద్దరూ ఆ అరుగు మీదే పోట్లాడుకుంటూ ఉండాలి. మీ అమ్మాయి మనవలు నలభై రెండో భాషలో మిమ్మల్ని "భోంచేశారా?" అని అడిగే రోజు దాకా మీరు ఆరోగ్యంతో, సంతోషంతో వర్ధిల్లాలి.

మన ఆచారం ప్రకారం ఒకరి రచనకు ముగింపు ఇంకొకరు రాయాలి కనుక, ఈ వ్యాసపు ప్రూఫు మేడమ్ గారి ఇంటికి పంపాం. నంబర్లు వేసి, గుండుసూది గుచ్చి తిప్పి పంపారు. అంచున తొలిసారిగా వారి చేతివ్రాత: "అన్నయ్యా, ఆ రోజు మీరు నోరు తెరవలేదు. మూలన కూర్చుని మైకు తీగలు చుట్టారు. చుట్టిన తీగే మళ్ళీ మళ్ళీ చుట్టారు. అయినా బాగుంది, ఉండనివ్వండి."

ఉండనివ్వడం ఈ వ్యాసకర్త వల్ల కావడం లేదు. ఏడు నిమిషాల చప్పట్లూ, జరిగిన కుర్చీలూ, కాలు లేని కుర్చీ కూడా జరిగినవే. ఒక అడుగు ముందుకు వేశాడన్నదీ, నోరు తెరిచాడన్నదీ మాత్రం కల్పన. ఆ అడుగు ఈ రోజు వేస్తున్నాడు.

చేప కొలతలో మాత్రం అంగుళం కూడా తగ్గించేది లేదు.